షోకేసులో కార్లు, రోహిణి కార్తెలో ఎండలు

తొంభైల నాటి ఇళ్ళల్లో హాలుకి షోకేసు లేకపోతే ఇల్లు పూర్తయినట్టు లెక్క కాదు. గోడలోనే కట్టేసిన సిమెంటు అరలు, లోపల లేత నీలం ఎనామిల్ రంగు, ముందు రెండు జరుపుడు అద్దాలు, వేలు పెట్టి లాగడానికి వాటికో గుంట. పై అరలో కొండపల్లి అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్క బొమ్మలు. మధ్య అరలో స్కూలు షీల్డులు, ఎప్పుడూ టీ పోయని కప్పుల సెట్టు. పిల్లల చేతికి అందీ అందని అరలో కార్లు. నాంపల్లి నుమాయిష్‌లో బేరమాడి కొన్నవి, కువైట్ నుంచి వచ్చిన సూట్‌కేసులో చాక్లెట్ల కింద దొరికినవి, కలకత్తాలో తయారైన నిక్కీ, మిల్టన్ లోహపు కార్లు, తలుపులు తెరుచుకునే, అసలు కారులో పద్దెనిమిదో వంతుండే 1:18 బురాగో కంపెనీ కార్లు. వెనక్కి లాగి వదిలితే పరిగెత్తే సెంటీ కంపెనీ అంబాసిడర్ సంగతి సరేసరి.

ఇల్లు అమ్మేటప్పుడో, కూల్చి అపార్టుమెంటుకి ఇచ్చేటప్పుడో ఆ షోకేసులు ఖాళీ చేస్తుంటే ఒక వింత బయటపడుతుంది. ఆడుకున్న కారు గీతలు పడి, రంగు ఊడి అయినా సరే తన చక్రాల మీద తాను నిలబడి ఉంటుంది. ఎవరినీ ముట్టుకోనివ్వకుండా అద్దం వెనక దాచిన కారే టైర్లు కరిగి, బానెట్ ఉబ్బి, స్టిక్కర్ల అంచులు లేచి కనిపిస్తుంది. భద్రంగా ఉంటుందని పెట్టిన అరే దాన్ని ఏళ్ళ తరబడి ఉడకబెట్టింది.

మొదటి తప్పు గోడది. షోకేసు ఎక్కువగా వీధి గుమ్మానికి ఎదురుగానో, టీవీ పెట్టే గోడకో ఉండేది. అది పడమటి గోడ అయితే కార్ల పని అయిపోయినట్టే. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ బయట ఎండని లోపలికి చేర్చడానికి ఆరేడు గంటలు తీసుకుంటుంది. మధ్యాహ్నం రెండింటికి అరలో చెయ్యి పెట్టి చూస్తే చల్లగానే ఉందనిపిస్తుంది. రాత్రి భోజనాలయ్యాక, ఎనిమిదికీ పదికీ మధ్య, అదే గోడ మీద అరచెయ్యి ఆనిస్తే తెలుస్తుంది వేడి. అప్పటికి అద్దాలు మూసి ఉంటాయి, గాలి ఆడదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, రెంటచింతలలోనో రామగుండంలోనో ఆ పదిహేను రోజులు పడమటి గోడ అర అంటే సన్నటి సెగ మీద పెట్టిన మూకుడే.

కాబట్టి షోకేసు ఎక్కడ పెట్టాలన్నది ముందు తేల్చుకోవాలి, ఏది కొనాలన్నది తర్వాత. ఇంటి లోపలి గోడ, అంటే రెండు వైపులా గదులే ఉన్న గోడ, అన్నిటికన్నా మంచిది. అది కుదరకపోతే ఉత్తరపు గోడ. పడమటి గోడ తప్పదంటే షోకేసుని గోడకి ఆనించకుండా కనీసం రెండు అంగుళాలు ముందుకి జరిపి, వెనక గాలి కిందనుంచి పైకి పోయేలా వదిలేయాలి. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు గుర్తుపెట్టుకునే చిన్న డిజిటల్ మీటరు ఒకటి, తేమ శాతం కూడా చూపించేది, మే నెలలో వారం పాటు అరలో వదిలితే వాదన ఉండదు. గదిలో 38 ఉండగా అరలో 39, 40 ఉంటే కంగారు అక్కర్లేదు, మన ఊళ్ళల్లో అది మామూలే. గది కన్నా అర నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందంటే మాత్రం ఎండో, గోడో, బల్బో కారణం అయి ఉంటుంది.

బల్బు అంటే జీరో బల్బు గుర్తుకొస్తుంది. పేరుకి జీరో గానీ కాల్చేది దాదాపు 15 వాట్లు. అందులో వెలుగయ్యేది పిసరంత, మిగతాదంతా వేడి. పండక్కీ, చుట్టాలొచ్చినప్పుడూ వేసి, అర్ధరాత్రి దాకా మర్చిపోయేవాళ్ళు. బల్బుకి జానెడు దూరంలో ఉన్న కారు పైకప్పు రంగు మిగతా ఒంటి రంగు కన్నా పాలిపోయి ఉండటం పాత షోకేసులన్నిటిలోనూ కనిపించే గుర్తు. తర్వాత వచ్చిన హాలోజెన్ స్పాట్ లైట్లు ఇంకా దారుణం, ఒక్కొక్కటి 50 వాట్లు.

ఇప్పుడు ఎల్‌ఈడీ స్ట్రిప్ ఉంది. మీటరుకి 4.8 వాట్లది చాలు. 75 సెంటీమీటర్ల వెడల్పు అరలు నాలుగుంటే మొత్తం మూడు మీటర్లు, 14.4 వాట్లు. అంటే నాలుగు అరలకీ కలిపి పాత జీరో బల్బు ఒక్కదానంత. మీటరుకి 14.4 వాట్ల రకం కూడా అమ్ముతారు, షోకేసుకి అది వద్దు. స్ట్రిప్‌ని చెక్కకి నేరుగా అంటించకుండా అల్యూమినియం చానెల్‌లో అంటించాలి, వేడిని అది లాగేస్తుంది. 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టరు సరిపోతుంది, దాన్ని మాత్రం షోకేసు బయటే ఉంచాలి. చాలామంది వైరు కనపడకూడదని లోపలే దాచేస్తారు, దాంతో ఎల్‌ఈడీ పెట్టిన లాభం సగం పోతుంది.

ఇక టైర్లు. స్కూల్లో కాంపస్ బాక్సు వాడిన వాళ్ళెవరికైనా ఇది చెప్పకుండానే తెలుసు. ఎండాకాలం సెలవులయ్యాక పెట్టె తెరిస్తే, వాసనొచ్చే రబ్బరు ప్లాస్టిక్ స్కేలుకి అతుక్కుపోయి ఉండేది. పీకితే స్కేలు మీద రబ్బరు ఆకారంలో గుంట, వేలు పెడితే జిగురు. కార్ల టైర్లకి జరిగేది అచ్చంగా అదే. ఆ రబ్బరూ, ఈ టైర్లూ చాలావరకు పీవీసీ అనే ప్లాస్టిక్కే, మెత్తగా ఉండటానికి అందులో నూనెలాంటి ప్లాస్టిసైజర్ కలుపుతారు. అది పీవీసీలో గట్టిగా కట్టుబడి ఉండదు, మెల్లగా బయటికొచ్చి పక్కనున్న ప్లాస్టిక్‌లోకి పోతుంది. వేడి పెరిగే కొద్దీ ఇంకా త్వరగా పోతుంది. పాలిస్టైరీన్ అనే గట్టి ప్లాస్టిక్ రిమ్ముంటే దాన్ని మెత్తబరుస్తుంది, కింద యాక్రిలిక్ దిమ్మ ఉంటే గుంట పెడుతుంది, ఎనామిల్ రంగు వేసిన అర ఉంటే దాంట్లోకి ఇంకిపోతుంది. పోయినంత పోయాక టైరు గట్టిపడి, కుంచించుకుని చీలుతుంది.

దీనికి రెండు అడ్డుగోడలు కావాలి. ఒకటి టైరుకీ రిమ్ముకీ మధ్య: ప్లంబర్లు వాడే తెల్ల టెఫ్లాన్ టేపుని నిలువునా సన్నగా కోసి, రిమ్ము మీద ఒకే చుట్టు చుట్టి, పైన టైరు ఎక్కించాలి. ముక్కలు అతికించి కట్టుకునే 1:24 కిట్ కార్లకీ, ప్లాస్టిక్ రిమ్ములున్న పాత కార్లకీ ఇది తప్పనిసరి. రెండోది టైరుకీ అరకీ మధ్య: అర అద్దమైతే మహా అయితే మరక పడుతుంది, తుడిస్తే పోతుంది. రంగు వేసిన చెక్క, వినైల్ మ్యాటు, యాక్రిలిక్ అయితే పాలియెస్టర్ షీటు ముక్క వేయాలి. కాలేజీల్లో ప్రొజెక్టరు మీద పెట్టి చూపించే పారదర్శక షీట్లు గుర్తున్నాయా, అవి దీనికి భలే పనికొస్తాయి. టైరు నేలకి ఆనే చోట కన్నా రవ్వంత పెద్ద ముక్క కోసి పెడితే కంటికి కనపడదు.

ఇంకా మంచి పద్ధతి బరువు టైర్ల మీద పడకుండా చూడటం. 1:18 లోహపు కారు ముప్పావు కేజీ నుంచి కేజీ దాకా తూగుతుంది. నాలుగు టైర్లూ ఏళ్ళ తరబడి ఒకే చోట ఆ బరువు మోస్తే అడుగు చదునవుతుంది. కారు అడుగు భాగాన ఇరుసులకి దగ్గరగా రెండు యాక్రిలిక్ దిమ్మలు పెట్టి, టైర్లు అరని తాకీ తాకనట్టు, కాగితం దూరేంత సందు ఉండేలా లేపాలి. దిమ్మల బదులు పెన్సిల్ రబ్బరు ముక్కలు పెడుతుంటారు కొందరు. అవీ పీవీసీవే, కాంపస్ బాక్సు కథ మళ్ళీ మొదలవుతుంది.

ఇప్పటికే అతుక్కుపోయిన కారుని స్క్రూడ్రైవరుతో తన్ని లేపకూడదు, ఇరుసు వంగుతుంది. చిన్న కారైతే, దిమ్మతో సహా జిప్ కవర్లో పెట్టి గాలి తీసేసి, ఫ్రిజ్ కింది అరలో గంట ఉంచాలి. చల్లబడితే జిగురు బిగుసుకుని పట్టు వదులుతుంది. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకూడదు, గది వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే తేమ కారు మీదే పడుతుంది. అప్పుడు పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే దారాన్ని టైరు కిందనుంచి రంపంలా లాగితే ఊడొస్తుంది. ఫ్రిజ్‌లో పట్టని పెద్ద కారుకి ఆ దారమే దిక్కు, ఓపిక కావాలి.

టైర్లకి మందుంది. జబ్బు లోహానికి వస్తే లేదు.

కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేసే డైకాస్ట్ కార్ల ఒళ్ళు జింకు మిశ్రమం. అమెరికాలో న్యూజెర్సీ జింక్ కంపెనీ 1929లో తెచ్చిన ఈ మిశ్రమాల పేరు జామక్: జింకు, అల్యూమినియం, మెగ్నీషియం, రాగి పేర్ల జర్మన్ మొదటి అక్షరాలు. అల్యూమినియం నాలుగు శాతం, మెగ్నీషియం చిటికెడు, మిగతాదంతా దాదాపు జింకే. ఇంగ్లండులో దీన్నే మజాక్ అన్నారు. హైదరాబాదులో వింటే నవ్వొస్తుంది గానీ ఆ పేరు పెట్టిన వాళ్ళకి మజాక్ చేసే ఉద్దేశం లేదు. ఇందులో సీసం, తగరం లాంటివి శాతంలో వందో వంతు కలిసినా చాలు, లోపలి సన్నటి గింజల మధ్యలోంచి లోహం తనంతట తానే తినేసుకోవడం మొదలుపెడుతుంది. దాన్నే జింక్ పెస్ట్ అంటారు. లివర్‌పూల్‌లో 1934 నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా తయారైన డింకీ అనే బొమ్మ కార్లలో చాలావాటికి ఇదే గతి పట్టింది. కార్ఖానాలో తుక్కు కరిగించి కలిపేసిన చోటల్లా తర్వాతి కాలంలోనూ అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉంది.

గుర్తులు ఇలా ఉంటాయి. ముందు తలుపులు బిగుసుకుంటాయి, ఎందుకంటే లోహం ఉబ్బుతుంది. తర్వాత రంగు కింద, ఎండిన చెరువు అడుగులో నెర్రెల్లా సన్నటి గీతలు. బానెట్ పైకి వంపు తిరుగుతుంది. చివరికి పట్టుకుంటే బిస్కెట్టులా విరుగుతుంది. పక్క కారుకి అంటుకుంటుందని భయపడతారు గానీ ఇది అంటువ్యాధి కాదు, అచ్చు పోసిన రోజే ఆ లోహంలో ఉన్నది. వేడీ తేమా కలిస్తే దాని నడక వేగం అవుతుంది. చల్లగా, పొడిగా ఉంచితే ఇరవై ఏళ్ళకి రావాల్సింది నలభై ఏళ్ళకి రావచ్చు. మనం చేయగలిగింది అంతే. అలాంటి కారుని తలుపులు తెరవకుండా, రంగు గీకకుండా, దూది పరిచిన పెట్టెలో పడుకోబెట్టడమే. మళ్ళీ రంగు వేయిద్దామని పాత రంగు తీస్తే, ఆ రంగే దాన్ని కలిపి ఉంచిందని అప్పుడు తెలుస్తుంది.

దీన్నీ రంగు బొబ్బల్నీ ఒకటే అనుకుంటారు కొందరు. రంగు మీద ఆవగింజంత బొడిపెలు లేచి, గీతలు మాత్రం లేకపోతే అది రంగు కింద చిక్కిన తేమ. దీనికి సగం కారణం మనమే: కారుతో పాటు వచ్చిన పాలిథిన్ కాగితం తీయకుండా అలాగే పెట్టెలో దాచడం. ఆ కాగితం రంగుని ఆనుకున్న చోట తేమ నిలిచి, మడతల ముద్రలు కూడా పడతాయి. కొన్న రోజే దాన్ని తీసేసి, కావాలంటే ఆసిడ్ లేని టిష్యూ కాగితం చుట్టాలి.

ప్లాస్టిక్ ఒళ్ళు కార్లకి వేడి లెక్క వేరు. ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ 80 డిగ్రీల దాకా ఆకారం నిలుపుకుంటుంది. ఈ మధ్య ఎక్కువగా వస్తున్న రెజిన్ కార్లు, అంటే ద్రవంగా పోసి గట్టిపరిచే ప్లాస్టిక్‌వి, 60 దగ్గరికి వచ్చేసరికే వంగుతాయి. తలుపులు తెరుచుకోని, గీతలు కత్తిలా తేరిన 1:43, 1:18 కార్లు ఇవే. వెనక రెక్క కిందికి వాలడం, సన్నటి లోహపు వైపర్లు లేచి నిలబడటం మొదటి సూచనలు. హాల్లో 60 ఎక్కడిదంటారా, కిటికీ లోంచి నేరుగా ఎండ పడే మూసిన అద్దాల పెట్టెలో, నల్ల కారు మీద, ఆ దగ్గరికి రావడం పెద్ద కష్టం కాదు. కారు డాష్‌బోర్డు మీద బుల్లి కారు పెట్టుకునే సరదా ఉన్నవాళ్ళకి ఒకటే మాట: మే నెలలో ఎండలో ఆపిన బండి లోపల గాలే 60 అందుకుంటుంది, డాష్‌బోర్డు అంతకన్నా ఎక్కువ. అక్కడ రెజిన్‌ది అసలు వద్దు.

వంగిన రెక్క విడిగా ఊడొచ్చేదైతే బాగు చేయొచ్చు. 60, 65 డిగ్రీల నీళ్ళలో, అంటే వేలు పెడితే వెంటనే తీసేసేంత వేడిలో, అర నిమిషం ముంచి, మెల్లగా సరిచేసి, ఆ పట్టు వదలకుండానే చల్లనీళ్ళలో పెట్టాలి. హెయిర్ డ్రయ్యర్‌తో చేద్దామనుకుంటే రంగు బుడగలొస్తాయి.

వెలుగు గురించి క్లుప్తంగా. ఎరుపు ముందు వెలిసిపోతుంది, తెల్ల ప్లాస్టిక్ పసుపుబారుతుంది. మామూలు కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాల్ని పూర్తిగా ఆపదు, ఫిల్మ్ అంటిస్తే చాలావరకు ఆగుతాయి. అయినా కంటికి కనిపించే వెలుగు కూడా రంగుని తింటుంది కాబట్టి ఫిల్మ్ ఉందని ఎండలో పెట్టేయకూడదు.

విశాఖ, కాకినాడ వైపు వాళ్ళకి ఎండ కన్నా తేమ పెద్ద శత్రువు. ఉప్పుగాలికి ఉక్కు ఇరుసులు తుప్పు పడతాయి, ఆ తుప్పు నీరు రిమ్ముల మీదికి కారుతుంది. 75 సెంటీమీటర్ల వెడల్పు, 120 ఎత్తు, 25 లోతున్న షోకేసుకి అరకి రెండేసి 100 గ్రాముల సిలికా జెల్ సంచులు, అంటే మొత్తం 800 గ్రాములు, సరిపోతాయి. జరుపుడు అద్దాల మధ్య సందుకి బ్రష్ పట్టీ అంటించకుండా ఇవి పెడితే వారం తిరక్కుండానే నిండిపోతాయి, బంగాళాఖాతాన్ని ఆరబెట్టలేం కదా. నారింజ రంగు గింజలు ఆకుపచ్చగా మారితే సంచిలోంచి పళ్ళెంలోకి పోసి, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. తేమ 40, 50 శాతం మధ్య నిలిస్తే చాలు.

పురుగులు రాకుండా పాత షోకేసుల్లో కలరా ఉండలు వేసేవాళ్ళు. బట్టల బీరువాకి అలవాటైన చెయ్యి ఇక్కడా నాలుగు వేసేది. నాఫ్తలీన్ ఆవిరి పాలిస్టైరీన్‌ని మెత్తబరుస్తుంది. కిటికీ అద్దాలు మసకబారి, స్టీరింగు వంగి, సీట్లు జిగురుగా మారిన కారు కనిపిస్తే, ఆ అర మూలల్లో తెల్లటి పలుకులు ఉన్నాయేమో వెతకాలి. వాసనతో హాని చేసేది ఇంకొకటి ఉంది. కొత్త షోకేసు అద్దాలకి పెట్టే సిలికాన్, వెనిగర్ వాసన వచ్చే రకం, ఆరేటప్పుడు ఎసిటిక్ ఆసిడ్ వదులుతుంది. లోహానికి అది మంచిది కాదు. న్యూట్రల్ రకం అడిగి పెట్టించుకోవాలి. ఏది పెట్టినా, వార్నిష్ వేసినా, అద్దాలు తెరిచి రెండు వారాలు వాసన పోయేదాకా కార్లు ఎక్కించకూడదు. గృహప్రవేశం నాటికి షోకేసు నిండుగా కనపడాలన్న తొందర ఇక్కడ పనికిరాదు.

అద్దం లెక్కలు కూడా చూద్దాం. 60 సెంటీమీటర్ల అరకి 6 మిల్లీమీటర్ల అద్దం, 90 అయితే 8. టఫెన్డ్ అద్దాన్ని తర్వాత కోయడం కుదరదు, కొలత ఒక్కసారే సరిగ్గా ఇవ్వాలి. అర కింద పెట్టే మేకులకి రబ్బరు తొడుగులుండాలి. ముందు తలుపుకి అద్దం బదులు యాక్రిలిక్ వాడితే పగలదు, బరువు తక్కువ, కానీ ఎండకి సాగుతుంది: 60 సెంటీమీటర్ల ముక్క 20 డిగ్రీల తేడాకి దాదాపు 0.8 మిల్లీమీటర్లు. స్క్రూ రంధ్రం బిగుతుగా వేస్తే జనవరిలో బాగానే ఉండి ఏప్రిల్‌కి విల్లులా వంగుతుంది, లేదా స్క్రూ దగ్గర చీలుతుంది. రంధ్రం స్క్రూ కన్నా రెండు మిల్లీమీటర్లు పెద్దదిగా వేయించాలి.

పడిపోవడం సంగతికొస్తే, కార్లు ఒక్కసారిగా పడవు, నడిచి వెళ్ళి పడతాయి. తలుపు ధడేల్మని వేసినప్పుడల్లా, హోమ్ థియేటర్ మోగినప్పుడల్లా, రైలు పట్టాల పక్కనున్న ఇళ్ళల్లో గూడ్సు బండి వెళ్ళినప్పుడల్లా, వాలుగా ఉన్న అర మీద చక్రాలు వెంట్రుకవాసి కదులుతాయి. అర సమంగా ఉందో లేదో చూడటానికి గోళీ చాలు. మధ్యలో పెట్టి వదిలితే ఎటు దొర్లుతుందో కార్లూ అటే పోతాయి. మేకు కింద కాగితం మడత పెట్టి సరిచేసి, అర ముందు అంచుకి 6 మిల్లీమీటర్ల ఎత్తు యాక్రిలిక్ పట్టీ అంటిస్తే సగం ప్రమాదాలు ఆగుతాయి.

మిగతా సగానికి మ్యూజియం వ్యాక్స్, అంటే వస్తువులు కదలకుండా అరకి అతికించే మెత్తటి మైనం. 1:43 కారుకి ఎదురు మూలల రెండు టైర్ల కింద కందిపప్పు బద్దంత, 1:18కి నాలుగు టైర్ల కిందా శనగపప్పంత. చేతివేళ్ళ మధ్య నలిపి మెత్తబరిచి పెట్టి, పైనుంచి కాదు, రిమ్ముల దగ్గర నొక్కాలి. తీసేటప్పుడు పైకి లాగకుండా మెలితిప్పాలి. పోస్టర్లు అంటించే నీలం బంక వాడితే దాని నూనె ఇంకి మరక పడుతుంది. వ్యాక్స్ కూడా 40 దాటితే మెత్తబడుతుంది, అందుకే వేసవికి ముందు ఒకసారి మార్చాలి.

అయితే ఇన్ని జాగ్రత్తలనీ దాటి వచ్చే ఆయుధం ఒకటుంది: సంక్రాంతి ముందు బూజు కర్ర. ఎన్ని సైడు మిర్రర్లు, ఎన్ని యాంటెనాలు ఆ వారంలో పోయాయో లెక్క లేదు. అద్దాలు తీసేసి, బొమ్మలన్నీ దివాన్ మీద పోసి, అరలు తుడిచి, తడిగుడ్డతోనే కార్లూ తుడిచేవాళ్ళు. దుమ్ములో ఇసుక ఉంటుంది, తడిగుడ్డతో రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. పైన వెల్ల వేస్తుంటే రాలే సున్నం ఇంకో దెబ్బ. కార్ల మీద క్రోమ్‌లా మెరిసే బంపర్లు చాలావరకు నిజం క్రోమ్ కాదు, ప్లాస్టిక్ మీద పల్చటి అల్యూమినియం పూత. తడిసిన సున్నం దాన్ని కరిగించేస్తుంది. బంపర్ల మెరుపు పోయి కింద పసుపు ప్లాస్టిక్ కనిపించే పాత కార్ల వెనక సగం కథ ఇదే. వెల్ల వేసే వారం కార్లని పూర్తిగా వేరే గదికి తరలించాలి.

దుమ్ము తీయడానికి ముందు కెమెరాలకి వాడే రబ్బరు బ్లోయర్, తర్వాత మేకప్ బ్రష్, వెడల్పాటిది, మెత్తటిది. కుంచె ఎప్పుడూ ముందు నుంచి వెనక్కి, కారు మీద గాలి పోయే దిక్కులోనే వెళ్ళాలి, ఎదురు వెళితే వైపర్లకి తట్టుకుంటుంది. పక్కనే పూజ గది ఉంటే అగరబత్తి, సాంబ్రాణి పొగ, వంటింటి వైపు ఉంటే పోపు ఆవిరి, రెండూ కలిసి జిడ్డు పొరలా పడతాయి. అది కుంచెకి రాదు. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో చంటిపిల్లల షాంపూ ఒక్క చుక్క, అందులో ముంచి గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డ, రుద్దకుండా అద్ది తీయడం. స్టిక్కర్ల మీదికి పోకూడదు. అద్దాలు తుడిచే నీలం స్ప్రే గాజు మీదే, యాక్రిలిక్ మీద కొడితే లోపల వెంట్రుకల్లాంటి పగుళ్ళొస్తాయి.

బల్లుల్ని మర్చిపోతే ఇది మన షోకేసు వ్యాసమే కాదు. ఎల్‌ఈడీకి పురుగులొస్తాయి, పురుగులకి బల్లి వస్తుంది. పెన్సిల్ దూరే సందు ఉంటే పిల్ల బల్లి దూరుతుంది, లోపలే పెరిగి పెద్దదవుతుంది. రెట్ట కొసన కనిపించే తెల్లటి భాగం యూరిక్ ఆసిడ్, వదిలేస్తే రంగు మీద మచ్చ దిగుతుంది. ఎండినదాన్ని గోటితో గీకితే మచ్చతో పాటు గీత కూడా. తడిపిన దూది పుల్లని రెండు నిమిషాలు దాని మీద ఆనించి ఉంచి, మెత్తబడ్డాక దొర్లించి తీయాలి. వైరు దూర్చే రంధ్రం చుట్టూ స్పాంజి కూరితే ఈ తలనొప్పి చాలావరకు తప్పుతుంది.

ఎండాకాలం సెలవులకి పిల్లలొస్తారు, హాల్లో ప్లాస్టిక్ బంతితో క్రికెట్ మొదలవుతుంది. జరుపుడు అద్దాలు కలిసే చోట పెట్టే చిన్న షోకేస్ లాక్ తక్కువ ఖర్చులో అయిపోయే పని. నేల నుంచి రెండడుగుల లోపు అరల్లో కార్లు వద్దు, పాకే పిల్లలూ, తడిగుడ్డ కర్రా అక్కడే తగులుతాయి. బరువైన 1:18లు దిగువ అరల్లో, చిన్నవి పైన. తాళం వేసి ఊరుకుంటే మాత్రం ఏదో ఒకరోజు దొంగచాటుగా తీసినప్పుడే విరుగుతుంది. వాళ్ళకి విడిగా నాలుగు కార్లు ఇచ్చేయడం తెలివైన పని. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టినప్పుడు మెట్ల కింద ఇసుకతో వేసే రోడ్డు మీద కూడా ఆ నాలుగే తిరగాలి. ఇసుక ఒక్కసారి ఇరుసులోకి పోతే చక్రం కరకరమంటూనే ఉంటుంది.

మంచి కారుని పట్టుకోవాల్సింది అడుగు భాగాన్ని, రెండు చేతులతో. నూలు గ్లోవ్స్ జారతాయి, దారాలు వైపర్లకి చిక్కుకుంటాయి, నైట్రైల్ గ్లోవ్స్ నయం. విరిగిన మిర్రర్ దొరికితే క్విక్ గ్లూ పెట్టొద్దు. దాని ఆవిరి పక్కనున్న కిటికీ ప్లాస్టిక్ మీద తెల్లటి మసకలా పేరుకుంటుంది, ఆ మసక పోగొట్టడం మిర్రర్ అతికించడం కన్నా పెద్ద పని. తెల్ల ఫెవికాల్ టూత్‌పిక్ కొసతో గసగసంత పెట్టి, పట్టు పడేదాకా కారుని పక్కకి ఒరిగించి, మిర్రర్ బరువు కిందికి లాగకుండా ఉంచితే చాలు. ఆరాక జిగురు కనపడదు, మళ్ళీ ఊడినా రంగు పోదు.

అసలు పెట్టెలు పారేయకూడదు, కానీ అటక మీదికి ఎక్కించకూడదు. శ్లాబు కింద అటక ఇంట్లో అన్నిటికన్నా వేడి చోటు. పెట్టెలో కార్లుంటే ఇనప మంచం కింద పెట్టడం నయం.

పాత ఇంటికి రంగులు వేయించేటప్పుడు కనిపించేది ఇంకొకటుంది. కార్లన్నీ ఎప్పుడో తీసేసినా, ఆ లేత నీలం అర మీద నాలుగేసి నల్లటి చుక్కలు జట్లు జట్లుగా మిగిలి ఉంటాయి, ఏ కారు ఎక్కడ నిలబడిందో చక్రాల దూరాన్ని బట్టి చెప్పేయొచ్చు. పెయింటరు గీకి, లప్పం పెట్టి, రెండు కోట్లు వేసినా నెల తిరిగేసరికి అవే చుక్కలు గోధుమ రంగులో పైకి తేలతాయి. టైరులోంచి ఇంకిన నూనె కొత్త రంగులోంచి కూడా పైకి వస్తుంది. స్పిరిట్‌లో కరిగించిన లక్క, వడ్రంగులు చెక్కకి కొట్టే పాలిష్, ఒక కోటు ముందు వేస్తే ఆగుతుంది. ఈ సంగతి పెయింటరుకి చెబితే వేసేస్తాడు. ఆ ఒక్క అర సంగతి మాత్రం చాలా ఇళ్ళల్లో ఎవరూ అతనికి చెప్పరు.